స్క్రమ్ క్లాసుకి మూడు స్టార్లు, ఆ తర్వాత వచ్చిన కోచింగ్‌కి ఐదు

స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా టీమంతా కలిసి చేసే పద్ధతి, దాన్ని టీమ్‌లో సాఫీగా నడిపించే మనిషి స్క్రమ్ మాస్టర్. సర్టిఫికేట్ కోసం చేసే రెండు రోజుల స్క్రమ్ మాస్టర్ క్లాసు బాగానే ఉంది, డబ్బు వృథా ఏమీ కాదు, కానీ మీ టీమ్ పని తీరు మారాలన్నది మీ కోరికైతే మాత్రం ఆ డబ్బు టీమ్‌లో వచ్చి కూర్చునే కోచ్ మీద పెట్టండి. నేను రెండూ చూశాను, పైగా రెండూ ఒకే మనిషి దగ్గర చూశాను. మాదాపూర్‌లో ఒక హోటల్ హాల్లో క్లాసు చెప్పింది ఆవిడే, తర్వాత మా కంపెనీ పిలిస్తే కొన్ని నెలలు మా టీమ్‌తో కూర్చుని పనిచేయించిందీ ఆవిడే. క్లాసుకంటే కోచింగ్ అంత మెరుగ్గా అనిపించడానికి కారణం టీచర్ మారడం కాదని అందుకే ఇంత గట్టిగా అంటున్నాను. పేరు రాయడం లేదు, ఆవిడ సొంతంగా చేసుకునే మనిషి, అడక్కుండా ఇలా పబ్లిక్‌గా పెట్టడం నాకు బాగోదు.

ముందు క్లాసు సంగతి. ఫీజు 20 వేల చుట్టుపక్కల, పరీక్ష ఫీజు అందులోనే కలిపి. హాల్లో జనం ఎక్కువ, ముప్ఫైకి పైనే ఉన్నాం, వెనక బల్లల వాళ్లకి బోర్డు సరిగ్గా కనపడలేదు. కానీ మొదటి రోజు పొద్దున ఆడించిన బిళ్లల ఆట ఒక్కటి మాత్రం నేను ఇప్పటికీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లతో ఆడిస్తున్నాను. అదెలా ఉంటుందో చెప్తాను, మీరు కూడా చేసి చూడండి, ఖర్చేమీ లేదు. బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరి వెనక ఒకరు ఫోన్‌లో టైమర్ పట్టుకుని నిలబడతారు. బల్ల మీద రూపాయి బిళ్లలు ఇరవై. మొదటి ఆటలో మొదటి మనిషి ఇరవై బిళ్లల్నీ ఎడమ చేత్తో ఒక్కొక్కటిగా తిరగేసి, అన్నీ అయ్యాకే మొత్తం పక్క మనిషి వైపు జరపాలి, అతనూ అంతే, అలా ఐదో మనిషి దాకా. రెండో ఆటలో ఐదేసి జరపొచ్చు. మూడో ఆటలో ఒక్కో బిళ్ల తిరగేయగానే పక్కకి.

మూడో ఆటకి వచ్చేసరికి మొత్తం టైమ్ సగానికి సగం పైనే పడిపోతుంది, మొదటి బిళ్ల చివరి మనిషికి కొన్ని సెకన్లలోనే చేరుతుంది. ఇది చాలామంది ఊహిస్తారు. ఎవరూ ఊహించనిది ఇంకొకటుంది: వెనక నిలబడ్డవాళ్ల టైమర్లు చూస్తే ఒక్కో మనిషికి పట్టిన టైమ్ మాత్రం పెరిగి ఉంటుంది, ఎందుకంటే మధ్య మధ్యలో పక్కవాళ్ల కోసం ఆగాల్సి వస్తుంది. అంటే ఒక్కో మనిషినీ విడిగా కొలిచే మేనేజర్‌కి మూడో ఆట చెత్తగా కనిపిస్తుంది, సరుకు కోసం కూర్చున్న కస్టమర్‌కి అదే అన్నిటికంటే మంచిది. హాల్లో ఉన్న మేనేజర్లు ఈ దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. మా టీమ్ సంగతి నాకు అక్కడే అర్థమైంది. పది పనిదినాల స్ప్రింట్ (ఒక్కో విడతని అలా అంటారు), ఎనిమిదో రోజు దాకా డెవలప్‌మెంట్, ఆఖరి రెండు రోజుల్లో స్టోరీలన్నీ (స్టోరీ అంటే ఒక చిన్న పని ముక్క) ఒక్కసారిగా టెస్టర్ల నెత్తిన పడేయడం, సగం వచ్చే స్ప్రింట్‌కి స్పిల్‌ఓవర్. మేం ఆడుతున్నది మొదటి ఆట.

ఆ తర్వాత క్లాసు కొంచెం చప్పబడింది. రెండో రోజు మధ్యాహ్నం అంతా స్లైడ్లు. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ఎజైల్ మ్యానిఫెస్టో (స్క్రమ్ లాంటి పద్ధతుల వెనకున్న సూత్రాల ప్రకటన) రాసిన కథ, అంతకు ముందు స్క్రమ్ పుట్టించిన ఇద్దరు, ష్వాబర్, సదర్లాండ్, 1995లో దాని గురించి ఊప్స్లా అనే ప్రోగ్రామింగ్ సదస్సులో చెప్పిన కథ, ఇవి ఆసక్తిగానే ఉంటాయి కానీ ఇంటి దగ్గర చదువుకోగలిగిన వాటికి క్లాసులో గంటకి పైగా ఇవ్వక్కర్లేదు. ఆ టైమ్ ప్రశ్నలకి ఇచ్చి ఉంటే బాగుండేది. నా పక్కన కూర్చున్న ఒకాయన, సర్వీసెస్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజరు, చాలా న్యాయమైన ప్రశ్న అడిగారు: "మేడమ్, మాది ఫిక్స్‌డ్ బిడ్. స్కోపు, తేదీ, డబ్బు మూడూ కాంట్రాక్టులో రాసేశారు. ఇందులో ఎజైల్ అంటే నేనేం చేయాలి?" దానికి రెండు నిమిషాల జవాబు వచ్చింది, తర్వాత పరీక్ష ప్రిపరేషన్‌లోకి వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో ఈ క్లాసులకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బతుకు ఆ ప్రశ్నలోనే ఉంది. మూడు స్టార్లకి అసలు కారణం ఇదే.

పరీక్ష గురించి కొత్తవాళ్లు తెగ టెన్షన్ పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా. స్క్రమ్ అలయన్స్ అనే సంస్థ ఇచ్చే సీఎస్ఎం (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్) అయితే క్లాసు తప్పనిసరి, అది కూడా వాళ్లు గుర్తించిన ట్రైనర్ దగ్గరే చేయాలి, తర్వాత ఆన్‌లైన్‌లో 50 ప్రశ్నలు, గంట టైమ్, 37 రైటయితే పాస్. క్లాసులో మేలుకుని ఉన్న మనిషికి ఇది కష్టం కాదు. కాకపోతే రెండేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, దానికి 100 డాలర్లు, పైగా ఈ మధ్యలో నేర్చుకున్నట్టు 20 యూనిట్లు చూపించాలి. స్క్రమ్ డాట్ ఆర్గ్ అనే ఇంకో సంస్థ ఇచ్చే పీఎస్ఎం వన్‌కి (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్, మొదటి మెట్టు) క్లాసు అక్కర్లేదు, పరీక్ష ఫీజు కట్టి నేరుగా రాసుకోవచ్చు, రెన్యువల్ లేదు, కానీ గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, ఇది నిజంగా చదివితే గానీ రాదు. ఈ స్క్రమ్ డాట్ ఆర్గ్‌ని 2009లో పెట్టింది స్క్రమ్ పుట్టించిన ఇద్దరిలో ఒకరైన ష్వాబరే. జేబులోంచి డబ్బు పెట్టుకునే వాళ్లకి నా సలహా పీఎస్ఎం వన్. కంపెనీ కడుతుంటే సీఎస్ఎం క్లాసుకి వెళ్లండి, బిళ్లల ఆట లాంటివి ఒంటరిగా చదువుకుంటే దొరకవు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా కెరీర్‌లో గ్యాప్ వచ్చి కోడింగ్ లేని ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, ఇటు అమీర్‌పేట బ్యాచుల్లో చేరేవాళ్లు ఈ సర్టిఫికేట్‌తో ఉద్యోగం వచ్చేస్తుందని అనుకుంటున్నారు. రెజ్యూమే మొదటి వడపోతలో నిలబడటానికి అది పనికొస్తుంది, అంతవరకే. ఇంటర్వ్యూలో అడిగేది వేరే. స్ప్రింట్ మధ్యలో ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు కావాలో తేల్చే మనిషి) అర్జెంటని కొత్త స్టోరీ తెచ్చాడు, ఏం చేస్తావు? ఒక సీనియర్ స్టాండప్‌కి (టీమంతా రోజూ చేసే చిన్న మీటింగ్) రానంటున్నాడు, ఏం చేస్తావు? ఇలాంటివి. బట్టీ పట్టిన జవాబుకీ ఒక్కసారైనా ఆ గొడవలో నిలబడ్డ మనిషి జవాబుకీ తేడా రెండో ప్రశ్నలోనే దొరికిపోతుంది. ప్రాజెక్ట్ చేసినట్టు దొంగ అనుభవం పెట్టిస్తామనే ఇన్‌స్టిట్యూట్ ఏదైనా సరే, డెమో క్లాసు ఎంత బాగున్నా సరే, లేచి వచ్చేయండి. ఇది నేను చాలా సీరియస్‌గా చెప్తున్నాను, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే పోయేది మీ పేరే.

ఇక కోచింగ్.

మాది అమెరికా ఇన్సూరెన్స్ క్లయింట్, క్లెయిముల సిస్టమ్. ఆవిడ వచ్చిన మొదటి స్ప్రింట్ అంతా దాదాపు ఏమీ మాట్లాడలేదు. స్టాండప్‌లో ఒక మూల నిలబడి వినేవారు, నోట్‌బుక్‌లో రాసుకునేవారు, మధ్యాహ్నాలు టెస్టర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా డెలివరీ మేనేజర్ "ఈమెకి ఇంత ఎందుకిస్తున్నాం" అని రెండో వారమే అడిగాడు. రెండో స్ప్రింట్ మొదట్లో, మా పని తీరు మీద ఆవిడ మా ముందు పెట్టిన మొదటి మాట ఇది: "మీరు స్టాండప్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, అందరూ లీడ్ వైపు తిరిగి చెబుతున్నారు." నిజమే, బళ్లో హాజరు పిలిచినట్టే ఉండేది. ఒకరి తర్వాత ఒకరు నిన్న చేసింది, ఇవాళ చేసేది, అడ్డం వచ్చింది చెప్పి ఫోన్ చూసుకోవడం. ఆ మూడు ప్రశ్నలు 2020 స్క్రమ్ గైడ్‌లోంచి (స్క్రమ్ నియమాలు రాసి ఉండే అసలు పుస్తకం) తీసేశారని కూడా ఆవిడ చెబితేనే మాలో చాలామందికి తెలిసింది. దాని బదులు స్టోరీలన్నీ పెట్టిన బోర్డుని కుడి నుంచి ఎడమకి చూసుకుంటూ రమ్మన్నారు, అంటే డన్‌కి దగ్గరగా ఉన్న స్టోరీ ముందు, దాన్ని ఈరోజు దాటించడానికి ఎవరేం చేయాలి, తర్వాత దాని వెనకది. లీడ్‌ని కొన్నాళ్లు వెనక వరసలో నిలబడమన్నారు. పది నిమిషాల్లో అయిపోవడం మొదలైంది. అంతకంటే ముఖ్యం, డెవలపర్లు టెస్టర్లని పేరు పెట్టి అడగడం మొదలైంది: "స్వాతీ, ఇది నీ దగ్గర ఎందుకాగింది?" (పేరు మార్చాను.)

ఎస్టిమేషన్ దగ్గర జరిగింది ఇంకా పెద్దది. ప్లానింగ్ పోకర్, అంటే ఒక్కో స్టోరీ ఎంత పెద్దదో అందరూ నంబర్ల కార్డులతో అంచనా వేసే ఆట, మేం అంతకు ముందూ ఆడేవాళ్లం, జిరా అనే పనుల సాఫ్ట్‌వేర్‌లో పాయింట్లు వేసేవాళ్లం, కానీ ఎలా అంటే లీడ్ "ఇది మూడే కదా" అనేవాడు, అందరం మూడు అనేవాళ్లం. మన ఆఫీసుల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. సార్ ఒక నంబర్ అన్నాక కొత్తగా చేరిన అమ్మాయి ఇంకో నంబర్ అనదు, అది భయం అనుకోనక్కర్లేదు, పెంపకం. కోచ్ దీని మీద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. నిజం అట్టముక్కల కార్డులు తెచ్చి, అందరూ బోర్లా పెట్టి, ఒక్కసారే తిప్పాలన్నారు. ఎక్కువ, తక్కువ వేసినవాళ్లు ఇద్దరే ముందు మాట్లాడాలి, అందులో జూనియర్ మొదట. కార్డులు ఒక్కసారే తిప్పడం, ఎక్కువ, తక్కువ వేసినవాళ్లు ముందు మాట్లాడటం ఆ ఆట అసలు నియమాలే, మేం జిరా పెట్టుకుని దాన్ని చంపేశాం. మూడో స్టోరీయో నాలుగో స్టోరీయో, లీడ్ మూడు వేశాడు, స్వాతి పదమూడు వేసింది. వేసి తల దించుకుంది. కోచ్ "చెప్పమ్మా, నీకేం కనపడింది?" అన్నారు. "కోడ్ చిన్నదే మేడమ్. కానీ టెస్ట్ డేటా కావాలంటే డేటా టీమ్‌కి టికెట్ వేయాలి, వాళ్లు పేషెంట్ల వివరాలు ఎవరివో తెలియకుండా మాస్క్ చేసి ఇచ్చేసరికి వారం పడుతుంది, ప్రతిసారీ ఇదే." ఇది ఏడాదిగా జరుగుతోంది, ప్రతి స్ప్రింట్ చివరా మేం తిట్టుకున్న ఆలస్యంలో పెద్ద ముక్క ఇదే, లీడ్‌కి తెలియదు. చెప్పే చోటు ఆ అమ్మాయికి దొరకలేదు. మాస్క్ చేసిన డేటా సెట్ ఒకటి ముందే తయారు చేసి ఉంచుకునే పని మరుసటి స్ప్రింట్‌లో పైకి వచ్చింది, అది అయ్యాక స్పిల్‌ఓవర్ కళ్ల ముందే తగ్గింది. నాకు ఈ కోచింగ్ మొత్తంలో ఒక్కటే చూపించమంటే ఆ కార్డు చూపిస్తాను.

రెట్రోల (స్ప్రింట్ చివర ఏం బాగుంది, ఏం బాలేదు అని టీమ్ మాట్లాడుకునే మీటింగులు) విషయంలో ఆవిడ పట్టుబట్టినవి రెండు. ఒకటి, డెలివరీ మేనేజర్ లోపల ఉండకూడదు. ఆయన బాగా నొచ్చుకున్నాడు, ఆవిడే వెళ్లి ఆయనతో టీ తాగుతూ మాట్లాడి వచ్చారు. రెండోది, ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయమన్నారు. మా టీమ్‌లో తెలుగువాళ్లతో పాటు ఒక ఒడియా అబ్బాయి, ఇద్దరు హిందీవాళ్లు, ఒక తమిళ అమ్మాయి ఉన్నారు. అంతకు ముందు చీటీల మీద ఇంగ్లీషులో వచ్చేవి అన్నీ ఒకే తీరు, కమ్యూనికేషన్ ఇంకా మెరుగుపడాలి, ప్లానింగ్ ఇంకా బాగుండాలి, ఎవరినీ ఏమీ అననివి. సొంత భాష రాగానే "రాత్రి పది గంటలకి రిక్వైర్‌మెంట్ మార్చి పొద్దున్నే అయిందా అంటే ఎలా" లాంటివి వచ్చాయి. ఒక్కో చీటీ రాసినవాళ్లే చదివి మిగతావాళ్లకి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు. ప్రతి రెట్రో నుంచి ఒకే ఒక్క పని బయటికి రావాలి, అది మిగతా స్టోరీల్లాగే తర్వాతి స్ప్రింట్ బోర్డు మీద ఉండాలి. మేం పది రాసుకుని ఒక్కటీ చేయని అలవాటు అలా పోయింది.

అన్నీ సాఫీగా జరగలేదు. టెస్టింగ్ కాలమ్‌లో ఒకేసారి మూడు స్టోరీలే ఉండాలని పరిమితి పెట్టినప్పుడు టీమ్ రెండుగా చీలింది. అది నిండిపోతే డెవలపర్ కొత్త స్టోరీ ఎత్తుకోకూడదు, వెళ్లి టెస్టింగ్‌లో చెయ్యి వేయాలి. ఇద్దరు సీనియర్లు ముఖం మీదే చెప్పారు, నేను డెవలపర్ని, టెస్టింగ్ నా పని కాదు, అప్రైజల్‌లో దీన్ని ఎవరు లెక్కేస్తారు అని. వాళ్ల మాటలో న్యాయం ఉంది, రేటింగ్ మనిషికి ఇచ్చి పని మాత్రం టీమ్‌గా చేయమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కోచ్ ఈ సంగతి హెచ్‌ఆర్ దాకా తీసుకెళ్లారు, అక్కడ కదల్లేదు. ఆ ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు, ఒకరు వేరే ప్రాజెక్టుకి మారిపోయారు. మిగతావాళ్లలో మాత్రం బిళ్లల ఆట మూడో రకం నెమ్మదిగా మొదలైంది, ఐదో రోజుకే రెండు మూడు స్టోరీలు పూర్తిగా డన్ అయి కూర్చోవడం మేం ముందెప్పుడూ చూడలేదు.

వెలాసిటీ గొడవ ఇంకొకటి. పైన ఎవరో మూడు టీముల వెలాసిటీని (ఒక స్ప్రింట్‌లో పూర్తిచేసిన పాయింట్ల మొత్తం) ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పెట్టి మీదెందుకు తక్కువ అన్నారు. వెంటనే మిగతా టీముల్లో రెండు పాయింట్ల స్టోరీలు ఐదైపోయాయి. పాయింట్లు ఒక టీమ్ తన కోసం వేసుకునే అంచనా, ఇంకో టీమ్‌తో పోల్చడానికి అందులో ఏమీ లేదు, అసలు స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్లు, వెలాసిటీ అనేవే లేవు. స్టోరీ పాయింట్లని పుట్టించింది తానే అయి ఉండొచ్చని, అలా అయితే ఇప్పుడు అందుకు విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ రాసుకున్నారు, మ్యానిఫెస్టో మీద సంతకం చేసిన 17 మందిలో ఆయనొకరు. కోచ్ ఆ స్లైడ్ తీయించారు. దాని బదులు ఒక స్టోరీ మొదలుపెట్టిన రోజు నుంచి ప్రొడక్షన్‌కి వెళ్లేదాకా ఎన్ని రోజులు పట్టిందో చూపించే చార్ట్ పెట్టించారు. క్లయింట్‌కి అర్థమయ్యేదీ, ఎవరూ పెంచి చూపించలేనిదీ అది.

నచ్చనివి కూడా చెప్పాలి. మేనేజ్‌మెంట్‌కి ఆవిడ ఇచ్చిన రిపోర్టు చాలా పలచన, రెండు పేజీలు, ఏం మారిందో మాకు తెలుసు కాబట్టి సరిపోయింది కానీ డబ్బిచ్చినవాళ్లకి సరిపోలేదు, దాంతో పక్క టీమ్‌కి బడ్జెట్ రాలేదు. రాత్రి 8:30కి ఉండే స్టాండప్‌ని పొద్దుటికి మార్పించడానికి చాలా ఆలస్యం చేశారు. చిన్న పిల్లలున్నవాళ్లకి అది అన్నిటికంటే పెద్ద బాధ, మొదటి నెలలోనే చేసి ఉండాల్సింది. ఇప్పుడు మా స్టాండప్ పొద్దున, క్లయింట్ ప్రొడక్ట్ ఓనర్‌తో వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే. ఆవిడ వెళ్లిపోయాక రెట్రోలు కొంచెం సడలాయి కూడా, మాలో ఒకరిని ఆ పాత్రకి ముందు నుంచే తయారు చేసి ఉంటే బాగుండేది. ఇవన్నీ ఉన్నా నా ఐదు స్టార్లలో ఒక్కటీ తగ్గించను, ఎందుకంటే క్లాసులో రెండు నిమిషాల జవాబు వచ్చిన ఆ ఫిక్స్‌డ్ బిడ్ ప్రశ్నని మా దగ్గర ఆవిడ మొదటి రోజే తనంతట తాను ఎత్తారు. తేదీ, స్కోపు రెండూ కట్టేసిన మాడ్యూల్స్‌లో నేను పెద్దగా ఏమీ చేయలేను, అక్కడ ఏది ముందు ఇవ్వాలో క్లయింట్‌తో కూర్చుని తేల్చడం ఒక్కటే చేయగలను, మిగతా వాటిలో పనిచేద్దాం అన్నారు. అమ్ముకోవడానికి వచ్చిన మనిషి అలా చెప్పడం అరుదు.

మీరు కోచ్‌ని పెట్టుకునేటట్టయితే సర్టిఫికెట్ల వరస చూసి మురిసిపోకండి. సొంతంగా ఎప్పుడైనా కోడ్ రాశారా, టెస్ట్ చేశారా, రిలీజ్ రాత్రి మెలకువగా కూర్చున్నారా అడగండి. మ్యానిఫెస్టో మొదటి వాక్యమే తాము సాఫ్ట్‌వేర్ చేస్తూ, ఇతరులు చేయడానికి సాయపడుతూ మెరుగైన దారులు కనుక్కుంటున్నామని అంటుంది, అందులో చేస్తూ అన్న సగం లేని కోచ్‌లు మార్కెట్‌లో చాలామంది ఉన్నారు. ఏ టీమ్‌తోనైనా ఓడిపోయిన కథ ఒకటి చెప్పమనండి. మొదటి రెండు వారాల్లో ఏం చేస్తారో అడగండి, వచ్చిన రోజే జిరా వర్క్‌ఫ్లో మార్చేస్తామంటే వద్దనండి. వాళ్లు వెళ్లిపోయాక ఎవరు నడుపుతారన్న సంగతి మాత్రం మొదటి వారంలోనే కాగితం మీద రాయించుకోండి.

అంత బడ్జెట్ లేని చిన్న టీమ్ అయితే స్క్రమ్ గైడ్ ఉచితం, పట్టుమని పదిహేను పేజీలు కూడా ఉండదు, టీమంతా కలిసి ఒక మధ్యాహ్నం చదవండి. స్క్రమ్ డాట్ ఆర్గ్‌లో స్క్రమ్ ఓపెన్ అని 30 ప్రశ్నల ఉచిత పరీక్ష ఉంది, అది రాసి చూసుకోండి. బిళ్లలు ఎలాగూ ఇంట్లో ఉంటాయి. క్లాసుకే వెళ్తానంటే డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి హాల్లో ఎంతమంది ఉంటారో కనుక్కోండి, ఇరవై దాటితే తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడగండి, కూర్చునేటప్పుడు ముందు బల్లే చూసుకోండి.